సైలెన్సర్ కోసిన చలికాలం

నవంబర్ 9, ఆదివారం

కోసేశాను.

చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, లుంగీ కట్టుకుని కారు కిందకి దూరాను. వెనకాల వేలాడే పాత సైలెన్సర్ డబ్బా మొత్తం తీసేసి దాని చోట సాదా గొట్టం పెట్టాను. బంపరు దాకా కూడా తేలేదు. వెనక చక్రాలు దాటగానే వదిలేశాను — అలా అయితే సౌండు ఇంకా బరువుగా వస్తుందని ఫోన్‌లో ఎవరో చూపించారు.

వెల్డింగు నాదే. రైల్వే వర్క్‌షాపు చక్రాల సెక్షన్లో ఇరవై రెండేళ్ళు చేసినవాడికి ఇదొక పనా. చల్లారాక సుత్తితో తట్టాను. ఠంగుమంది. మా సెక్షన్లో అదే సర్టిఫికెట్. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే పగులు. మా తాత ప్లాట్‌ఫాం మీద బళ్ళ చక్రాలు తట్టుకుంటూ బతికాడు, నాన్నా అంతే. మా ఇంట్లో కళ్ళకంటే చెవుల మీదే నమ్మకం.

స్టార్ట్ చేశాను. మా నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల కిటికీలన్నీ తెరుచుకున్నాయి. రూతు గుమ్మంలోకి వచ్చి — "ఏటండీ ఇది, కారా, ట్రాక్టరా?" ప్రిస్సీ మాత్రం చప్పట్లు. పదకొండేళ్ళ కూతురికి ఇన్నాళ్ళకి గొప్పవాడిలా కనిపించాను.

నాకా, భయం. పోలీసులు పట్టుకుంటే? ఇరుగుపొరుగు గొడవకొస్తే? నలభై ఐదేళ్ళొచ్చాయి, ఇంతవరకు ఎవరి మీదా గొంతెత్తలేదు. పాత సెడాన్, కుట్టుమిషను సౌండు అని వర్క్‌షాపులో నవ్వేవాళ్ళు. రేపట్నించి నవ్వరు.

నవంబర్ 10

ప్రిస్సీ టోటో, అదే బ్యాటరీ రిక్షా, మానేసింది. ఇకమీదట స్కూలుకి కారులోనేనట. "డాడీ, రేస్ ఇవ్వండి." ఇచ్చాను. మళ్ళీ ఇమ్మంది. మళ్ళీ ఇచ్చాను.

నవంబర్ 14

ప్రేమ్ బజార్ దగ్గర పోలీసు చెయ్యెత్తాడు.  నాక్కాదు, వెనకాల వస్తున్న బైకుకి. అయినా ఇల్లు చేరేదాకా రేస్ ఇవ్వలేదు... ఇంత పిరికివాడికి ఇంత సౌండెందుకు?

నవంబర్ 23

పక్క క్వార్టర్ బెంగాలీ బిస్వాస్ దాదా, చాలా మర్యాదగానే — "దాదా, ఏక్‌టూ ఆస్తే." కొంచెం మెల్లగా అని. వాళ్ళమ్మకి గుండెజబ్బు. ఇదొక కొత్త భయం. పొద్దున్నే కారుని వీధి చివరిదాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్ట్ చేస్తున్నాను. రూతు నవ్వలేక చస్తోంది.

డిసెంబర్ 3

చలి మొదలైంది. స్వెట్టరు, మంకీ టోపీ. కారు అద్దాలన్నీ ఎక్కించేశాం. నా పక్క అద్దం మాత్రం నాలుగు వేళ్ళు దించే ఉంటుంది. ఖైనీ పొగాకు నములుతాను, ఉమ్మాలి కదా. రూతుకి తెలీదనుకుంటాను, తెలుసు.

ప్రిస్సీ వెనక సీట్లో. ఎక్కిన పది నిమిషాలకే నిద్ర. గోల్ బజార్ జామ్‌లో పావుగంట ఆగినా కదల్లేదు. "నీ సౌండుకి నిద్దరొచ్చేస్తాది డాడీ" అంది దిగేటప్పుడు. జోలపాట అన్నమాట నా గొట్టం. రోజంతా షాపులో అదే చెప్పుకున్నాను.

డిసెంబర్ 9

తలనొప్పి అంటోంది. వారంలో మూడోసారి. రూతు ఫోను లాక్కుని బీరువాలో పెట్టింది. కళ్ళ డాక్టరు చూశాడు — కళ్ళు బాగానే ఉన్నాయి.

డిసెంబర్ 12

టీచరు రాసి పంపింది. మొదటి పీరియడ్లో రోజూ నిద్రపోతోంది, నిన్న వాంతి చేసుకుంది. రూతు నన్నే అడిగింది — "రేతిరి తొమ్మిదికే పొడుకుంటాది కదండీ గుంట. మరేటి ఈ నిద్దర?" నాకేం తెలుసు.

డిసెంబర్ 14, ఆదివారం

చర్చికి నడిచే వెళ్ళాం. ప్రిస్సీ రోజంతా గెంతుతూనే ఉంది. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, పిల్లలతో పరుగులు, మధ్యాహ్నం కూర రెండోసారి వేయించుకుంది. నొప్పి లేదు. నిన్న శనివారం స్కూల్లేదు, నిన్నా నొప్పి లేదు.

ఇది రాయకూడదనుకున్నాను. రాశాను.

డిసెంబర్ 16

నిన్న నొప్పి. ఇవాళా నొప్పి.

స్కూలంటే భయమేమో. లెక్కలు రావు దానికి. నా కూతురు కదా, భయం నా దగ్గర్నుంచే వచ్చుంటుంది. అదే అయ్యుండాలి.

డ్యూటీ నుంచి వచ్చి బట్టలు కూడా మార్చకుండా కారు కిందకి దూరాను. జాయింటు తట్టాను. ఠంగు. చెవి ఆనించి ఇంకోసారి. ఠంగు. నిక్షేపంలా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

మరి ఎందుకు దూరాను?

డిసెంబర్ 18

స్కూలు గేటు దగ్గర లేవలేదు.

"ప్రిస్సీ, స్కూలొచ్చిందమ్మా." లేదు. వెనక డోరు తీసి కుదిపాను. తల ఒక పక్కకి వాలిపోయింది. బుగ్గలు ఎర్రగా, ముద్దుగా... ఎత్తుకుని రోడ్డు పక్క గట్టు మీద ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. దాని చేతులు రెండూ టకటకా కొట్టుకున్నాయి. యేసయ్యా యేసయ్యా అంటున్నాను. ఎంతసేపో తెలీదు. చల్లగాలికి కళ్ళు తెరిచి వాంతి చేసుకుంది. "డాడీ, ఎందుకేడుస్తన్నారు?"

రూతుకి ఫోన్ చేసి చెప్పాను — టిఫిన్ సరిగ్గా తినలేదు కదా, కళ్ళు తిరిగాయి, చేతులు కొట్టుకున్నాయి. కొట్టుకున్నది నిజమే. తిననిది నిజం కాదు. రెండు దోశలు తింది, నేనే వడ్డించాను.

డిసెంబర్ 19

టోటోలో వెళ్ళాం డాక్టరు దగ్గరికి. కారు బ్యాటరీ పోయిందన్నాను.

డాక్టరు ఒక్కొక్కటీ అడుగుతున్నాడు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా? లేదు. జ్వరం? లేదు. తలుపులేసుకుని బొగ్గు కుంపటి పెడుతున్నారా, పొగ పట్టే చోట ఎక్కడైనా ఉంటోందా? రూతు — "లేదండి, గ్యాసు పొయ్యే మాది. పొగే లేదు."

నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఆయన నన్ను కూడా అడిగాడు. "నహీ సర్" అన్నాను.

తలకి స్కాన్ రాశాడు. మూర్ఛ కావచ్చట.

డిసెంబర్ 20

సింహాచలం బావని రమ్మన్నాను. వరసకి బావేం కాదు, ఇద్దరం ఒకే రోజు వర్క్‌షాపులో చేరాం, పిలుపు అలా పడిపోయింది. అతనిది బ్రేకు సెక్షన్. రూతు, ప్రిస్సీ స్కాన్‌కి వెళ్ళారు. నేను డ్యూటీ ఉందని ఆగిపోయాను. డ్యూటీ లేదు.

నేను సుత్తి తీస్తే పకపకా నవ్వాడు. "గొట్టానికి సుత్తేటి బావా? సక్రం అనుకున్నావేటి? గాలి పోతందో లేదో సుత్తికేటి తెలుస్తాది? ఎల్లు, సబ్బునీళ్ళు అట్టుకురా."

బ్రేకు పైపులు వాళ్ళు అలాగే చూస్తారు. సబ్బునీళ్ళు పూసి బుడగ వస్తే లీకు. గోడ అవతలి సెక్షనే. ఇరవై రెండేళ్ళుగా ఆ నురగ తొక్కుకుంటూనే క్యాంటీనుకి వెళ్తున్నాను. నాకు తోచలేదు. మాది చక్రాల సెక్షన్, మేం తడతాం.

గొట్టం మూతికి తడిగుడ్డ అదిమి పట్టుకున్నాను. బావ ఇంజను స్టార్ట్ చేసి వచ్చి బ్రష్‌తో సబ్బునీళ్ళు పూశాడు. నా జాయింటు పైభాగంలో, కంటికి ఆనని చోట, బుడగలు. ఒకటి చితికితే ఇంకోటి. ఎంతసేపు చూసినా ఆగలేదు.

తర్వాత డిక్కీలో మ్యాట్ ఎత్తాడు. రేకు తుప్పు పట్టి కన్నం, వేలు దూరేంత. సరిగ్గా దాని కిందే నేను కోసి వదిలేసిన గొట్టం మూతి. దాని ముందే వెనక సీటు.

"నీ అద్దం దించుతావు కదా ఉమ్మడానికి? ఆ లాగుడికి ఎనకాల పొగంతా లోనకొచ్చేస్తాది. నీకు గాలి, పిల్లకి పొగ." నవ్వడం మానేశాడు. "సెల్లెమ్మకి సెప్పినావా?"

చెప్తానన్నాను.

"డాక్టరుకి?"

చెప్తానన్నాను.

ఏడవాలనుంది. ఏడుపు రావడం లేదు. నలభై రోజులు పోలీసులకి భయపడ్డాను, బిస్వాస్ దాదాకి భయపడ్డాను. అద్దంలో నిద్రపోతున్న నా బిడ్డని చూసి మురిసిపోయాను.

డిసెంబర్ 21, ఆదివారం

ప్రార్థన మనవులు అడిగే సమయంలో రూతు లేచి నిలబడింది. చెప్పలేకపోయింది, ఏడ్చేసింది. పాస్టరు అయ్యగారు ప్రిస్సీని ముందుకి పిలిచి తల మీద చెయ్యి పెట్టారు. సంఘమంతా లేచింది. "ఈ బిడ్డకి వచ్చిన తెలియని వ్యాధి..." అని మొదలుపెట్టారు. నా పక్కన ముసలాయన భుజం పట్టుకుని ధైర్యం చెప్తున్నాడు.

తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందరితోపాటు ఆమెన్ అన్నాను.

మూడు రోజులుగా పిల్ల కారెక్కలేదు. తలనొప్పి లేదు. సాయంత్రం రూతు నా చెయ్యి పట్టుకుంది — "దేవుడు ఇన్నాడండి మన పార్దన."

అప్పుడు చెప్పి ఉండాల్సింది.

డిసెంబర్ 22

స్కాన్‌లో ఏమీ లేదు. రూతు రిపోర్టుని గుండెకి హత్తుకుంది. డాక్టరు మాత్రం తల అడ్డంగా ఊపాడు. చేతులు కొట్టుకున్నాయన్నారు కదా, స్పృహ పోయింది కదా, రిస్క్ వద్దు. మూర్ఛ మందులు రెండు పూటలా. రెండేళ్ళు. మధ్యలో మానకూడదు. మొదట్లో మత్తుగా ఉంటుంది. ఒంటరిగా వదలొద్దు, సైకిల్ ఎక్కనివ్వొద్దు.

"సైకిలు కూడానా?" అంది ప్రిస్సీ. డాక్టర్ని కాదు, నన్నడిగింది.

నోరు తెరిచాను. దగ్గొచ్చింది. నర్సు మంచినీళ్ళు ఇచ్చింది.

చెప్తే ఏమవుతుంది? రూతు తిడుతుంది. తిడితే పడతాను. తిట్టదేమో, అదే నా భయం. ఏమీ అనకుండా పిల్లని తన పక్కకి లాక్కుంటుంది. ఇక జన్మలో ఆ పిల్లని నా చేతికి ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణానికి భయపడుతున్నాను. ఆ క్షణం తప్పించుకోవడానికి, లేని రోగానికి నా కూతురు రెండేళ్ళు మందు మింగాలి. ఇలా రాస్తే ఎంత తేలిగ్గా తెలుస్తోందో.

డిసెంబర్ 23, పొద్దున్న

మొదటి మాత్ర. రూతు మాత్రల షీటూ నీళ్ళ గ్లాసూ తెచ్చి పిల్ల ముందు పెట్టింది.

"ఆగు" అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు.

"ఏటండీ?"

"...ముందు తిననీ."

"అవును, డాక్టరు కూడా అన్నాడు, తిన్నాకే ఇమ్మని." ఉప్మా పెట్టింది.

వరండాలోకి వచ్చి కూర్చున్నాను, ఈ పుస్తకం పట్టుకుని. ప్రిస్సీ తింటోంది. తిండి దగ్గర నత్తనడక దానిది, రోజూ కసురుతాను. ఇవాళ ఇంకా మెల్లగా తినమ్మా అనుకుంటున్నాను.

జీడిపప్పు ఏరుకుంటోంది.

తినేసింది. పళ్ళెం కడుక్కుంటోంది. ఇక్కణ్ణుంచి వంటింటి గుమ్మం ఆరడుగులు కూడా లేదు.

రూతు పిలుస్తోంది — "రా అమ్మా, నోరు తెరువు."

నేను ఇంకా రాస్తూనే ఉన్నాను.