అద్దాలున్న బండి

నాయనా,

మొన్న నీ సంవత్సరీకం అయింది. నిన్న మన పాత కంప్యూటర్‌ను తిరుపతికి తీసుకెళ్లి ర్యామ్ పెంచించాను, కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించాను. మూత విప్పిన మెకానిక్ బిత్తరపోయాడు. "ఏందక్కా, ఫ్యానుకంతా కుంకుమ ఉండాది!" ప్రతి ఆయుధపూజకూ నీ లారీతో పాటు దానికీ బొట్టు పెట్టింది నువ్వే కదా. ఫ్యాను లోపలికి లాక్కుంటుందని మనకేం తెలుసు?

దాంట్లో ఆ లారీ ఆట గుర్తుందా? పాత మిషన్ మోయలేక ఆగి ఆగి నడిచేదని, సెట్టింగుల్లో అద్దాలు తీసేశాను. ఎంత బతిమాలినా నువ్వు ఆడలేదు. "అద్దాల్లేని బండి నేను తోలను పాపా. ఎనక ఏమొస్తాండాదో ఎట్ల తెలిసేది?" అన్నావు. ముప్పై ఏళ్లు తడ రోడ్డు మీద లారీ తోలినవాడివి మరి.

ఇప్పుడు అద్దాలు పెట్టాను. వానొస్తే వాటి మీద చుక్కలు కూడా జారుతున్నాయి. ఏడాదిగా ఆ కంప్యూటర్ గదిలోకి రాని అమ్మ వచ్చి, "జరుగు, నేను తోల్తా" అంది. రెండు అద్దాలూ చూసుకున్నాకే బండి కదిలించింది.

"ఇదంతా నీకెట్ల తెలుసుమ్మా?"

"మీ నాయన పక్కన ఊరికే కూసుంటినా?"

మొదటి మలుపులోనే కరెంటు స్తంభాన్ని గుద్దింది.

"రివర్సు నేర్పియ్యకనే పోయినాడు సూడు" అని నిన్ను తిట్టి, అద్దంలో చూసుకుంటూ మెల్లగా తనే వెనక్కి తీసింది.