కొత్తల్లుడి మీద ఓ కన్ను

జూన్ 9, సోమవారం
మా నర్సింగ్‌హోమ్‌కి రోబో వచ్చింది. మంచం పట్టిన పేషెంట్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతుందట. శ్రీకాకుళంలో ఇంకెవరి దగ్గరా లేదని ఎండీగారు మురిసిపోతున్నారు. అటెండర్ నూకయ్య దానికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొత్తల్లుడొచ్చినాడు, మర్యాదలు సెయ్యండని అందరినీ నవ్వించాడు. నాకు నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్లు మనుషుల్ని ఎత్తి ఎత్తి నా నడుం పోయింది. పోయాక ఇప్పుడు తెచ్చారు. నా నడుం కోసమా, నా జీతం మిగుల్చుకోడానికా?

జూన్ 11
దాని తలకి కెమెరా ఉంది. గోడలకి గుద్దుకోకుండా అంటాడు కంపెనీ ఇంజనీరు ఉమాశంకర్. మరి నేను టీ తాగుతుంటే ఇటే ఎందుకు తిరుగుతుంది?

జూన్ 12
కెమెరా మీద మైక్రోపోర్ ప్లాస్టర్ అంటించాను. కీచుమని అరిచి ఆగిపోయింది. పీకేశాను. ఎవరూ చూడలేదు.

జూన్ 16, సోమవారం
పేషెంట్లని తిప్పిన టైములకి టిక్కులు కొట్టే కాగితం చార్ట్ తీసేశారు. అన్నీ ట్యాబ్‌లోనే. ఉమాశంకర్ గంటసేపు ఏదేదో చెప్పాడు, సగం వినలేదు. డ్యూటీ ఎక్కగానే ఎప్పట్లాగే ఎనిమిది, పది, పన్నెండు, రెండు, అన్ని గడుల్లోనూ ఒకేసారి టిక్కులు కొట్టేశాను. మాలో ఎవరైనా అంతే. ఎలాగూ చేసే పనేగా. గడులు నింపుతూ కూర్చుంటే పేషెంటుని ఎవరు చూస్తారు? ఇప్పుడు ఆ చేసేది కూడా అల్లుడుగారే.

ప్రస్తుతం తిప్పాల్సిన పేషెంటు ఒక్కరే, ఆరో బెడ్డు లక్ష్మణమ్మ. పక్షవాతం, మాట లేదు. భావనపాడు వాళ్లు. మొగుడు ఎల్లాజీ చేపల వేట మానుకుని వరండాలోనే ఉంటున్నాడు. నన్ను సిస్టరమ్మా అంటాడు.

జూన్ 17, మధ్యాహ్నం 12.30
ఎనిమిదింటికి లక్ష్మణమ్మ ఎడమ పక్కకి ఉంది. పదింటికీ అంతే. ఇప్పుడూ అంతే. రోబో మూలన దర్జాగా నిలబడి ఉంది. దొరికావురా దొంగా.

నేను తిప్పలేదు. తిప్పేస్తే దాని తప్పు ఎలా బయటపడుతుంది?

జూన్ 18
ఇవాళా అంతే. టైములు రాసి పెట్టుకుంటున్నాను. మధ్యాహ్నం డ్యూటీ ఉషకి కూడా ముట్టుకోవద్దని చెప్పాను.

జూన్ 19
లక్ష్మణమ్మ ఎడమ తుంటి ఎర్రగా కమిలింది.

జూన్ 20
కమిలిన చోట చర్మం ఊడింది. ఎండీగారి గదిలో అందరి ముందూ నా లెక్క చదివాను. ఆయన ముఖం మాడిపోయింది. దేవమణి లాంటి నర్సు ఉండగా మనకి మిషన్లెందుకు, వెనక్కి పంపేద్దాం అన్నారు. ఎల్లాజీ చేతులు జోడించి, మిషనుకేటి తెలుస్తాది, నువ్వు సూడకపోతే మా ముసల్దాన్ని సంపేసేది తల్లీ, అన్నాడు. ఆ చేతుల వైపు చూడకుండా బయటికొచ్చేశాను. అయినా గెలిచాను.

జూన్ 21, ఉదయం 11
ఉమాశంకర్ వచ్చి ట్యాబ్ నా ముందు పెట్టాడు. గడిలో టిక్ ఉంటే నర్సే తిప్పేసిందని దానికి అర్థమట. అందుకే అది కదల్లేదట. సోమవారం ఇదే చెప్పాను మేడమ్ అన్నాడు. పొద్దుటి టిక్కులన్నీ రోజూ ఏడూ ఐదుకల్లా పడ్డాయి. నా పేరు మీద. రిపోర్టు సోమవారం ఇస్తాను, ఈలోగా మీరే చెప్పుకుంటే మంచిది అని వెళ్లిపోయాడు.

టిక్కుల సంగతి తెలియక చేశాను. ఆమెని ఎవరూ తిప్పలేదని మాత్రం తెలుసు. తెలిసే చూస్తూ ఊరుకున్నాను. అది ట్యాబ్‌లో లేదు. ఛీ, నా బతుకు.

జూన్ 22, ఆదివారం
చర్చికి వెళ్లలేదు.

జూన్ 23
ఎండీగారి కంటే ముందు ఎల్లాజీకి చెప్పాను. అంతా. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. పదింటికి లక్ష్మణమ్మని తిప్పబోతే అడ్డం వచ్చి నిలబడ్డాడు. నువ్వు ముట్టుకోకు, ఆ మిషన్నే రమ్మను అన్నాడు.