వినకముందే కొట్టేసిన కథ

జనగామలో రిటైరైనవాళ్లకు కథలు చెప్పే పోటీ నడిపే కార్యదర్శి గారికి,

నేను కొమురమ్మను. వయసు డెబ్బై మూడు, ఊరు రేగొండ. ఇంట్లో నేను, గుమస్తాగా రిటైరైన మా తమ్ముడు విద్యాసాగర్, మరదలు రజిత ఉంటాం. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే తమ్ముడు రాస్తున్నాడు. నేనూ రిటైరయ్యాను, వరి నాట్ల పని నుంచి.

కథ ఎట్లా నడిచి ఎట్లా ముగుస్తుందో ముందే రాసి పంపలేదని నా పేరు కొట్టేశారట. నేను ఒప్పుకోను. నాట్లలో నలభై ఏళ్లు పాట ఎత్తింది నేనే. మొదటి నారు కట్ట విప్పేటప్పుడు చివరి మాట ఏమిటో నాకే తెలియదు. మడి ఎంతుంటే పాట అంత. "పాట మొత్తం జెప్పినంకనే మడిల దిగు" అని ఏ రైతూ అనలేదు.

మా తమ్ముడు మూడేళ్లుగా ఒక నవలకు గోడ మీద ప్రణాళిక గీస్తున్నాడు. గోడ నిండింది గానీ మొదటి వాక్యం రాలేదు.

"అక్కా, గిది గూడ రాయాల్నా?" అంటున్నాడు.

"రాయి తమ్మీ, అబద్ధమా ఏంది?" అన్నాను.

ఆదివారం పోటీకి నన్ను పిలవండి. తప్పిపోయిన దూడను వెతకబోయిన ముసలమ్మ కథ చెబుతాను. బాగాలేకపోతే అప్పుడు కొట్టేయండి.

ఇట్లు,
కొమురమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:

రజిత, మరదలు. ఈ కథ మొన్న నేను విన్నాను. దూడ దొరికింది, ముసలమ్మ దాన్ని ఇంటికి తోలుకొచ్చింది.

పల్లవి, పక్కింటి కోడలు. ఇదే కథ నేను నిన్న విన్నాను. దూడ రానే లేదు. ముసలమ్మే దాంతోపాటు అడవిలో ఉండిపోయింది.