నిద్రపోయినోళ్ల ఆట

హోసూరు, ఆదివారం

ఈపొద్దు చర్చి హాల్లో నా రిక్రియేషన్ కోర్సు ప్రాక్టికల్ పరీక్ష. నైట్ షిఫ్ట్ ముగించుకొని వచ్చిన ఫ్యాక్టరీ అమ్మాయిల చేత ఆటలాడించాల. బెలూన్లు కట్టి, విజిల్ మెడలో వేసుకొని నిలబడినాను. ప్రార్థన ముగిసేలోపే అందరూ చాపల మీద నిద్రపోయినారు.

భయమేసింది. పొద్దున్నే నాయన ఫోన్లో, “ఆటలాడించే చదువుకి ఉద్యోగం యాడ వస్తాదమ్మా?” అని అడిగినాడు. ఇప్పుడు మార్కులు కూడా పోతాయి.

విజిల్ ఊదబోతే, మార్కులేసే స్టెల్లా మేడమ్ నా చెయ్యి పట్టుకొనింది. “పండుకోనీమ్మా. వాళ్లకి ఈ వారంలో దొరికిన తీరిక ఇదే.” ఫ్యాన్లు వాళ్ల దిక్కు తిప్పి, ఎవరూ తలుపు కొట్టకుండా తానే వాకిట్లో కూర్చునింది.

తీరిక గురించి నేను కోర్సు పుస్తకాల్లో బట్టీ పట్టినాను. ఆమె చూసినట్టు చూడడం నాకెప్పుడు వస్తుందో!

మేడమ్ మార్కులు ఎన్నో చెప్పలేదు. నిద్ర లేచి పోయేటప్పుడు ఒకమ్మాయి కళ్లు నులుముకుంటా, “ఆట బాగుండిందక్కా” అనింది.