టోపీ మీది నాలుగు అక్షరాలు

గోదావరిఖని,
ఆదివారం.

అమ్మకు నీ కొడుకు యోహాను వందనాలు. ప్రభువు దయ వల్ల నేను ఇక్కడ క్షేమం. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? అక్కా, బావా బాగున్నారా? ఫోనులో నీకు సరిగా వినపడదు, అందుకే రాస్తున్నాను.

బెల్లంపల్లిలో మా గని మూతపడి నన్ను ఇక్కడికి మార్చి అప్పుడే రెండు నెలలైంది. ఫస్టు షిఫ్టు డ్యూటీ. క్వార్టరులో కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము, మూస్తే ఉక్కపోత. వంట నేనే చేసుకుంటున్నాను, పప్పు మాత్రం ఇంకా మాడుతూనే ఉంది. సాయంత్రం మాట్లాడే మనిషి లేక ఇల్లు గుర్తొస్తుంది. అయినా ఫికరు పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

జ్ఞాపకార్థ కూడికకు నాయిన ఫోటో పెద్దది చేయించమని ఇచ్చావు కదా. ఆ సంగతి ఎట్లా రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను.

గనిలో ఆపద వస్తే మనుషులను కాపాడే రెస్క్యూ పని నేర్చుకోవడానికి పోయి, నాయిన అక్కడే జ్వరంతో చనిపోయాడు. ఆయన పెట్టెలో దొరికిన రంగుల బొమ్మకే, రెస్క్యూ డ్రెస్సులో ఉన్నది ఆయనే అనుకుని, నువ్వు ఫ్రేము కట్టించావు. ముఖం సగం టోపీకున్న అద్దం చాటున, టోపీ మీద సీసీసీపీ అని అక్షరాలు. సీ అంటే కోల్, అది మన కంపెనీ పేరే అని నేను బడిలో ఎన్ని గొప్పలు చెప్పుకున్నానో.

పక్క క్వార్టరులో ఉండే రాజన్న కాక పాత యూనియను మనిషి. ఫోటో చూపిస్తే వెలుతురుకు పట్టి ఆ అక్షరాలు చూశాడు.

“బిడ్డా, గీయన మీ నాయిన కాదు. అంతరిక్షంల తిరిగిన రష్యాయన. గవి ఇంగ్లీషు అక్షరాలు కావు, వాళ్ల దేశం పేరు. అమెరికా కన్న మేమే ముందు అని చెప్పుకునేటందుకు గిసొంటి బొమ్మలు అచ్చేసి దేశదేశాలకు పంపిండ్రు. మా ఆఫీసుకు కట్టలు కట్టలు వచ్చేటివి,” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. “యాభై ఏండ్ల సంది మా అమ్మ గీ ఫోటో ముందట కూసోని ఏడ్చింది కాకా,” అన్నాను.

“ఆగు, ఎప్పుడు అచ్చేసిండ్రో చూద్దాం,” అని కాక వెనుక అట్ట విప్పాడు. బొమ్మ వెనుక పెన్సిలు రాత ఉందమ్మా. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

“సుగుణా, మాకిచ్చే డ్రెస్సు గీ బొమ్మల లెక్కనే ఉంటది. నన్ను గట్ల చూసి పిల్లలు జడుసుకుంటరేమో, ముందుగాల్నే చూపియ్యి. నువ్వు ఫికర్ చెయ్యకు, జల్ది వస్త. ఎవలతోనన్న చదివిపిచ్చుకో.”

నీకు అప్పుడు చదువు రాదు. ఫ్రేము కట్టినవాడు పట్టించుకోలేదు. నేను చాలా ఏడ్చాను, నీ దగ్గర సిగ్గేముంది.

ఫోటో పెద్దది చేయించలేదు. రెండు వైపులా అద్దం పెట్టి కట్టించాను, కూడికకు తెస్తాను. ఏ వైపు ముందుకు పెట్టాలో నీ ఇష్టం. అక్కకు, బావకు, సంఘ పెద్దలకు నా వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యి.

ఎవరితోనైనా చదివించుకోమన్నాడు నాయిన. ఫ్రేము నీ చేతికి ఇచ్చినప్పుడు అక్కను పిలవకమ్మా. బైబిలు చదివే కళ్లద్దాలు పెట్టుకుని ఆ నాలుగు మాటలు నువ్వే చదువుకో.

నీ దీవెన కోరే కొడుకు,
యోహాను