తీజ్ బుట్టలో మొలక

ఆగస్టు 14
మార్కెట్‌కు సెలవు. నేను గుమస్తాగా ఉన్న దుకాణంలో రాయడానికి లెక్క లేదు. అందుకే ఈ పుస్తకం.
పిల్లలకు సైన్సు చూపించే యూనివర్సిటీ వాళ్ల పెట్టె దిగింది. భూపాలపల్లి బడులు, జనగామ బడులు తిరిగి ఇప్పుడు కేసముద్రం. మైక్రోస్కోపు, గాజు పలకలు, అయస్కాంతాలు. ఇక్కడి బడికి కిటికీ రెక్కలు లేవు. రైతుల సరుకు అమ్మిపెట్టే మా అడ్తి దుకాణంలోనే బస్తాల వెనక పెట్టించాను. దుకాణం సేటు మొహం చిట్లించాడు.
"ఓ శంకరయ్యా, గిది ధాన్యం దుకాణమా, సర్కస్ డేరానా?"
పెట్టెతో వచ్చిన సుధాకర్ సారు నవ్వాడు. సారు అంటే చిన్నవాడే, అక్కడ పరిశోధన చేస్తున్నాడు. చొక్కాకు తెలంగాణ ఉద్యమం వాళ్ల నల్ల బ్యాడ్జి. "పదో తరగతి అయినంక సైన్సు దిక్కు పోయేటోళ్లు లేరన్నా. ఒక్కసారి కండ్లార చూస్తే పోతరు" అన్నాడు.
వాన లేదు.

ఆగస్టు 17
బంద్. బండ్లు రాలేదు. పెట్టె తుడిచాను. మూత తీసి, ఉప్పు రవ్వ పెట్టి చూశాను... ఇన్నేళ్లు తిన్నాను, ఎప్పుడూ చూడలేదు.

ఆగస్టు 20
లంబాడీ తండా బడికి వెళ్లాం. సారు నీళ్లలో పెట్టుకొచ్చిన ఉల్లిగడ్డ వేర్లు దారిలోనే కుళ్లిపోయాయి. నిన్న రాస్తారోకోలో బస్సు ఆగిపోయిందట, ఎండలోనే. నేను బయట సామాను దింపుతున్నాను. లోపల ఆయన పిల్లలను అడిగాడట - ఏదన్నా మొలక ఉన్నదా, లేత వేరు కావాలె అని.
సునీత ఉరికి తెచ్చింది. మా దుకాణానికి పత్తి తెచ్చే బిక్కు బిడ్డ. పదో తరగతి.
నేను లోపలికి పోయేసరికి వేరు కొన ఎర్ర రంగులో నలిగి గాజు కింద ఉంది. ఆ పిల్ల కన్ను తీయడం లేదు.
"అర్రలు కాకా... వరుసగ అర్రలు!" కణాలు గదుల్లా కనపడ్డాయి ఆమెకు.
"జరుగవే, నీ మొగడు కూసున్నడా అండ్ల?" వెనక పిల్లల తోపులాట.
అప్పుడు చూశాను బల్ల మీద మిగిలిన ఆకులు. గోధుమ. ఆమె బుట్టలోని తీజ్ గోధుమ.
ఈ నెలలో తండాలో పెళ్లికాని ఆడపిల్లలు ఉప్పు లేని తిండి తింటూ బుట్టల్లో గోధుమ మొలిపిస్తారు. బుట్టలు తండా పెద్ద నాయక్ ఇంటి ముందు మంచె మీద ఉంటాయి. తొమ్మిదో రోజు నాయక్ చెప్పేదాకా ఒక్క మొలక తెంపరు. మొలక ఎంత బాగుంటే పంట అంత బాగుంటుందని నమ్మకం. ఇవాళ ఆరో రోజు.
సారుకు చెప్పాను. ఆయన చేతిలోని సూది కింద పెట్టేశాడు.

ఆగస్టు 21
పంచాయితీ. బిక్కు రమ్మంటే పోయాను. ముసలమ్మలు వాన లేని ఆకాశం చూపించి సునీతను తిట్టారు. "తల్లి పచ్చగ నవ్వుతుంటే పండ్లూడగొడితివి గదనే!" ఆ పిల్ల బుట్టను మంచె మీది నుంచి దింపేశారు. దేవతకు మేకపోతు ఇవ్వాలన్నారు. పిల్లకు బడి బంద్.
ఆమె ఏడవలేదు. 

సెప్టెంబర్ 5
సుధాకర్ సారు ఫోన్. దసరా సెలవుల్లో యూనివర్సిటీలో పిల్లల శిబిరం. ప్రయోగశాలలోనే ఉంచి నేర్పుతారట. బాగా చేసిన వాళ్లకు హాస్టల్లో ఉండి ఇంటర్ సైన్సు చదివే సీటు. ఈ దిక్కు నుంచి ఒక్క పేరే రాశాడు. సునీత.
"ఆ పిల్ల ఇప్పుడు బడికి కూడా పోవడం లేదు సారూ" అన్నాను.
ఎందుకని అడిగాడు. పంచాయితీ సంగతి చెప్పాను.

సెప్టెంబర్ 11
మైక్రోస్కోపు సైకిల్‌కు కట్టుకొని తండాకు. సేటుకు చెప్పలేదు. శిబిరం సంగతి చెప్పి, ఆ రోజు సారు చేసి అంచులకు మైనం పూసిన స్లైడే పెట్టాను. నాయక్ తలపాగా తీసి, కన్ను ఆనించి, చాలాసేపు చూశాడు. పక్కన సునీత, అద్దాన్ని వెలుగుకు తిప్పుతూ.
"మంచిగనే ఉన్నది గుమస్తా. మా తండా ఇండ్ల లెక్కనే ఉన్నది. కానీ ఎవ్వల నడిగి తెంపిండ్రు?"
ఆయనే మళ్లీ అన్నాడు.
"పోరిది కాదు తప్పు, అడిగినాయనది. ఆయన్ను రమ్మను. మా నడుమ కూసొని ఉప్పు లేని రొట్టె తిని, తప్పయిందని ఒక్క మాట అంటే సాలు. పోరి పోతది."
బిక్కు తల ఊపాడు. "నాయక్ ఎట్లంటే గట్ల."
సాయంత్రం సారుకు ఫోన్. "వస్తా అన్నా. తప్పు నాదే. ఇరవై ఐదున వస్తా. రొట్టె గాదు, రాయి పెట్టినా తింట."

సెప్టెంబర్ 13
ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలు. బస్సుల్లేవు. బడులు మూత. భూపాలపల్లిలో బొగ్గు ఆగింది. మార్కెట్ గేటుకు తాళం. సేటు కూడా గులాబీ కండువా వేసుకున్నాడు.

సెప్టెంబర్ 19
కరెంటు పొద్దంతా లేదు. పత్తి చేలు వాడుతున్నాయి. తెలంగాణ వస్తే నీళ్లొస్తాయంటున్నారు. రావాలి. రెండూ రావాలి.

సెప్టెంబర్ 25
తండాలో పొద్దుటి నుంచి చూశాం. ఆడవాళ్లు జొన్న రొట్టెలు చేశారు. సునీత తల దువ్వుకొని, దారి వైపు నిలబడింది. దారిలో ఎవరు కనిపించినా తండా అంతా లేచి నిలబడేది. ఒకసారి మేకల కాపరి. ఒకసారి ఎవరో సైకిల్ మీద.
పొద్దు వాలాక సారుకు ఫోన్ చేస్తే ఆయన స్నేహితుడు ఎత్తాడు. నిన్న కాజీపేట దగ్గర రైలు పట్టాల మీద కూర్చున్న వాళ్లను పోలీసులు ఎత్తుకుపోయారు. అందులో సుధాకర్ ఉన్నాడు. ఎక్కడ పెట్టారో తెలియదు. రైళ్లు నడవవు గనుక తెల్లారి నడిచైనా కేసముద్రం పోతానని చెప్పాడట.
బిక్కు నేల మీద ఉమ్మాడు. "సారు జైల్ల. వాన మబ్బుల్ల. ఇగ నా బిడ్డ చేన్ల."
నాయక్ కోపం చేయలేదు. రొట్టె తుంచి తాను తిని, నాకో ముక్క ఇచ్చాడు. 

సెప్టెంబర్ 28
యూనివర్సిటీ మూసేశారు. హాస్టళ్లు ఖాళీ. శిబిరం సంగతి చెప్పేవాళ్లు లేరు. సారు ఫోన్ స్విచ్చాఫ్.

అక్టోబర్ 2
వాన. రాత్రి నుంచి ఆగలేదు. పగిలిన పత్తి కాయల మీద. ఇన్నాళ్లు రానిది, ఇప్పుడు...
తండాలో ఏమంటున్నారో. పోలేదు.

అక్టోబర్ 4
సునీత దుకాణానికి వచ్చింది. తండ్రికి జ్వరం, గోళీలకు వచ్చిందట. చేతులకు పత్తి కాయల గీతలు. గోళీలు తెచ్చిచ్చాను. పోలేదు. బస్తాల వైపు చూస్తూ నిలబడింది. పెట్టె తెరిచాను.
స్లైడు ఎండిపోయింది. రంగు గోధుమరంగు మరకలా మిగిలింది. అర్రలు లేవు.
"సారును కొట్టిండ్రా కాకా?"
"తెల్వదు బిడ్డా."
"వస్తడా?"
"తెల్వదు."
"అన్నిటికి తెల్వదంటవు. మరి దినాం రాసేదేంది?"
నవ్వొచ్చింది నాకు. ఆమెకూ వచ్చింది, కొంచెం.
బిక్కు ఒక మాట అన్నాడట. పత్తి ఏరుడు అయ్యేలోగా సారు వచ్చి రొట్టె తింటే పంపుతాడు. లేకుంటే ఇగ ఆ ముచ్చట తేవద్దు.
పోతూ పోతూ దుకాణంలో కింద పడ్డ గోధుమలు గుప్పెడు ఏరింది. వెనక పగిలిన నూనె డబ్బా ఉంటే అందులో మట్టి నింపి, చల్లి, నీళ్లు పోసింది. "గివి తీజ్‌వి కావు. ఎవ్వల నడిగేది లేదు. సారు వస్తే వేరు లేతగుండాలె. నువ్వు నీళ్లు పొయ్యి."

అక్టోబర్ 6
దసరా. జమ్మి పెట్టుకుందామని సేటు ఇంటికి పోయాను. పెట్టె వెనక్కి పంపించెయ్యమన్నాడు. ఎవరికి పంపాలి?

అక్టోబర్ 9
డబ్బాలో మొలకలు. తెల్లగా, వంగి, మట్టి నెత్తిన పెట్టుకొని.
సారు ఫోన్ ఇవాళ మోగింది. ఎవరూ ఎత్తలేదు.

అక్టోబర్ 12
మొలకలు బెత్తెడు పెరిగాయి. వేర్లు ముదురుతుంటాయి. పాత వాటి పక్కనే ఇంకో గుప్పెడు చల్లాను.