నాకు చెప్పని సూది

వడోద్, సూరత్

తమ్ముడు పరుశురాంకు,

నీ క్షేమం అడగడం లేదు. నా క్షేమం సంగతి నాకంటే ముందే నీకు తెలుసు కాబట్టి అదీ రాయడం లేదు. ఫోన్ చేస్తే నన్ను మాట పూర్తి చేయనివ్వవు. అందుకే ఈ కాగితం. చివరిదాకా చదువు.

పద్నాలుగు నెలలుగా, మూడు నెలలకోసారి నా పొట్టకు సూది వేయిస్తున్నావు. "మూత్రం సంచి కాడ గడ్డ వాచిందన్నా, గిది వాపు తగ్గే సూది," అన్నావు. నమ్మాను. రెండో నెల నుంచి ఉధ్నా షెడ్డులో కరెంటు సాంచాల ముందు నిలబడి బట్ట నేస్తుండగానే ఒంట్లో నిప్పు రాజేసినట్టు వేడి లేచేది. చొక్కా పిండితే నీళ్లు కారేవి. ఛాతీ ఉబ్బి, బట్ట తగిలినా నొప్పే. పక్క సాంచా మీద పనిచేసే నరహరి అందరి ముందూ, "బుచ్చన్నా, నువ్వు ఇగ చీర కట్టుకో," అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత పాయఖానాలోకి పోయి గొళ్లెం పెట్టుకుని ఏడ్చాను. అరవై ఏళ్ల మనిషిని, ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఇంకోటి రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. నాలో మగతనం చచ్చిపోయింది. ఏ పాపం తగిలిందోనని ఎల్లవ్వ ముఖం చూడలేక చాప వేరుగా వేసుకున్నాను. నా భార్య ఒక్కనాడూ ఎందుకని అడగలేదు. అది ఆమె మంచితనం అనుకున్నాను.

మొన్న ఆదివారం మా పక్కింటి కనకయ్య బిడ్డ అనురాధ వచ్చింది. మందుల దుకాణంలో పనిచేసే పిల్ల కదా అని నా ఫైలు ఇచ్చాను. రెండు పేజీలు తిప్పి ఆగిపోయింది. "కాకా, నీకు ఎవ్వరూ చెప్పలేదా? గిది క్యాన్సర్ ఫైలు. గా గడ్డ పెరగకుండ గీ సూది మగ హార్మోన్‌ను బంద్ చేస్తది. నీకు అయ్యేదంతా దానితోనే."

కింద ఒప్పుకోలు కాగితం మీద సంతకం చూశాను. నాది కాదు. నీది.

ఎల్లవ్వను అడిగితే తల వంచుకుంది. ఛాతీ నొప్పి అని నీకు చెప్పిన రోజు "ముసలితనం అన్నా" అని నవ్వావు. ఆ నవ్వు నేను మరవను. వచ్చే సూదికి నేను రాను. నువ్వు నా గడప తొక్కకు.

బుచ్చిరాములు

*

బార్డోలీ

అన్నకు, పరుశురాం దండాలు.

నువ్వు తిట్టినవన్నీ చదివాను. ఇప్పుడు నావి చదువు. ఆసుపత్రి మెట్ల మీద వదిన నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అన్నకు చెప్పకు, చెప్తే గుండె ఆగి పోతడు," అంది. నాకు మనను కన్న బాపు గుర్తొచ్చాడు. ఊపిరితిత్తులు పోయాయని డాక్టర్ ఆయన ముఖం మీదే చెబితే, తిండి మాని పదకొండు రోజుల్లో పోయాడు. ఆ రోజు పాడె దగ్గర "చెప్పకుంటే బతికెటోడు" అన్నది ఎవరు? నువ్వే. నీ మాటే నీ మీద నడిపాను. నేను దొంగనైతే నువ్వేమిటి?

మిల్లులో సెలవులు పోగొట్టుకుని నిన్ను తిప్పాను. సూది మానేసి చావాలనుంటే నీ ఇష్టం. వదినను ఏం చేయాలో కూడా నువ్వే చెప్పి పో.

పరుశురాం

*

వడోద్, సూరత్

పరుశురాంకు,

ఆ మాట అన్నది నేనే. కాదనను. కానీ బాపు దగ్గర చివరి రోజుల్లో కూర్చున్నది నేను, నువ్వు కాదు. "డాక్టర్ ఇంకేమన్నడు రా?" అని ఆయన అడిగినప్పుడల్లా పని ఉందని లేచిపోయాను. ఆయనతో ఆ సంగతి మాట్లాడే మనిషి ఇంట్లో ఒక్కడూ లేడు. నేను చేసిన తప్పునే నువ్వు నేర్చుకున్నావు. నాది తప్పయితే నీది ఒప్పయిపోదు.

సూది రోజున ఒక్కణ్నే ఆసుపత్రికి పోయాను. డాక్టర్ నా వెనక తలుపు వైపు చూసి, "కాకా, భాయీ కహాఁ హై?" అని నీ గురించి అడిగాడు. "రోగం నాది సాబ్, నాతో మాట్లాడు," అన్నాను. సూది వద్దన్నాను. మొదట కసిరాడు. నేను లేవలేదు. తీసుకుంటే ఏమవుతుంది, మానితే ఏమవుతుంది, రెండూ చెప్పమన్నాను. చివరికి చెప్పాడు. సూది గడ్డను అణచి పెడుతుంది, లేకుండా చేయదు. నా రక్తపరీక్ష అంకె చాలా నెలలుగా అడుగునే ఉందట. అలాంటి వాళ్లలో కొందరికి కొన్నాళ్లు ఆపి, మూడు నెలలకోసారి రక్తం చూస్తారట. అంకె పెరిగితే మళ్లీ సూది. ఆపితే ప్రమాదం లేదని మాత్రం అనలేనన్నాడు.

"ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీ భాయీ వద్దన్నాడు."

"ఇక నుంచి ఏదైనా రోగికే చెప్పాలని ఫైలు మీద రాయి," అన్నాను. రాశాడు. సూది ఆపే కాగితం మీద నేను సంతకం చేశాను.

ఇంటికొచ్చి ఎల్లవ్వకు చెప్పాను. "నీకేమన్నా అయితే నేనేం జేయాలె?" అని గట్టిగా ఏడ్చింది. పద్నాలుగు నెలల్లో నా ముందు ఏడవడం అదే మొదలు. ఇద్దరం కింద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం.

భయం లేదని రాయను. ఉంది. కానీ అది నా భయం. దాన్ని కూడా మీరే దాచుకున్నారు.

మూడు నెలల తర్వాత రక్తపరీక్ష. రావాలనుంటే రా. డాక్టర్ నన్ను అడిగినదానికి నువ్వు జవాబు చెప్పావంటే మాత్రం, అందరి ముందూ నిన్ను బయటికి పొమ్మంటాను.

నీ అన్న,
బుచ్చిరాములు